థార్న్‌బెక్ ఇంటిపేరు ఎవరిది

థార్న్‌బెక్, రెన్‌డేల్ లోయ,
వెస్ట్‌మోర్‌లాండ్, ఇంగ్లండ్
1973 మార్చి 4

తమ్ముడు ఎడ్గర్‌కి,

తుంటి ఎముక అతుక్కుంది. కర్ర పట్టుకుని గుమ్మం దాకా నడవగలుగుతున్నాను. ఆరోగ్యం గురించి ఇంతకంటే రాయను. కోపం చల్లారకముందే రాయాలని కూర్చున్నాను.

నిన్న ఎస్టేట్ ఏజెంటు క్రాస్‌లీ వచ్చాడు. నా వంటింట్లో కూర్చుని, నా టీ తాగుతూ, "ఇక మీకు దిగులక్కర్లేదండీ. పొలం మీ ఇంటిపేరు వాళ్ళే కొంటున్నారు, ఆస్ట్రేలియా నుంచి" అన్నాడు. ఎవరయ్యా అంటే నీ పేరు చెప్పాడు.

పదేళ్ళ నుంచి నెలకో ఉత్తరం రాస్తున్నావు. అడిలైడ్ ఎండల గురించి రాస్తావు, మీ కుక్క చెవిపోటు గురించి రాస్తావు. నేనుంటున్న ఇల్లు కొంటున్నావని రాయడానికి మాత్రం నీకు సిరా దొరకలేదు.

ఇక్కడి సంగతి నీకు తెలుసు. మా వాళ్ళు తరతరాలుగా ఈ పొలానికి కౌలుదార్లే తప్ప ఆసాములు కారు. పెద్ద దొర పోయాడు, వారసులు ముక్కలు చేసి అమ్ముకుంటున్నారు. నాకు అరవై ఎనిమిదేళ్ళు. పిల్లాజెల్లా లేరు. కొండెక్కి గొర్రెల్ని చూసే కాళ్ళు పోయాయి. డోరీన్ బ్యాంకులో అప్పు తీసుకుని కొంటానంది. పదిహేనేళ్ళ పిల్లగా లాంకషైర్ అనాథాశ్రమం నుంచి పనికొచ్చింది, ఇరవై రెండేళ్ళుగా ఈ కొండ మోస్తోంది. క్రిస్మస్‌కి ముందే క్రాస్‌లీ సరేనని దాని చెయ్యి కలిపాడు. మా లోయలో చెయ్యి కలిపితే అయిపోయినట్టే. ఇప్పుడు మీ థార్న్‌బెక్‌ల వంశ సంఘం ఎక్కువ ధర పెట్టేసరికి ఆ చెయ్యి కడిగేసుకున్నాడు.

ఆ ధర వెనక్కి తీసుకో. మీ సంఘం వచ్చి ఫిబ్రవరి మంచులో గొర్రెల్ని తవ్వి తీస్తుందా? అడుగుతున్నాను, జవాబు రాయి.

మీ అక్క,
విన్నిఫ్రెడ్ థార్న్‌బెక్

---

అడిలైడ్, దక్షిణ ఆస్ట్రేలియా
1973 మార్చి 20

ప్రియమైన అక్కయ్యకి,

నమస్కారాలు. నీ ఉత్తరం చదివి చాలా నొచ్చుకున్నాను. ఈ కబురు నీకు ఆనందంగా చెబుదామనుకున్నాను, జూలైలో అందరం కలిసి అక్కడికి వచ్చినప్పుడు. ఆ క్రాస్‌లీ నోరు ఆగలేదు.

ముప్పై ఏళ్ళు హెడ్మాస్టరుగా పనిచేసినవాణ్ణి, ముందూ వెనకా చూడకుండా ఏదీ చేయను. ఒక్కసారి ఆలోచించు. నార్వే నుంచి వచ్చిన గొర్రెల కాపరులు పెట్టిన పేరు మనది. ముళ్ళపొదల మధ్య వాగు, అదే థార్న్‌బెక్. ఆ వాగు పేరు పొలానికొచ్చింది, పొలం పేరు మనకొచ్చింది. ప్లేగు వచ్చింది, కరువులు వచ్చాయి, పేరు కదల్లేదు. సీసం గనులు మూతపడ్డాక కదిలింది. కొందరు లాంకషైర్ బట్టల మిల్లులకి, కొందరు డరమ్ బొగ్గుకి, కొందరు కెనడాకి పోయారు. నీ తాత విలియమ్ ఇంటిపట్టున ఉండిపోయాడు. ఆయన తమ్ముడు, మా తాత మాథ్యూ, ఓడెక్కి ఇక్కడి బర్రా రాగి గనికి వచ్చాడు. జేబులో ఏమీ లేదు. పేరు ఒక్కటే తెచ్చుకున్నాడు. ఇవాళ మేము వందల మందిమి. మా అందరికీ ఆ ఇల్లు కావాలి. పైన మ్యూజియం, కింద వచ్చినవాళ్ళు బస చేయడానికి గదులు. నువ్వు బతికున్నన్నాళ్ళూ నీ గది నీదే.

డోరీన్‌ని వెళ్ళగొడతామని ఎవరన్నారు? కేర్‌టేకరుగా ఉంచుకుంటాం. జీతం ఇస్తాం. అయినా పనిమనిషికి పూర్వీకుల ఇల్లు రాసిచ్చేవాళ్ళని ఎక్కడైనా చూశామా అక్కయ్యా?

కిందటి నవంబరులో మన వార్షిక సమావేశంలో తీసిన ఫొటో పంపుతున్నాను. నోట్లో తలా ఒక గడ్డిపోచ చూడు, చిన్నపిల్లలతో సహా. ఇది మన వంశాచారం. మా తాత ఏటా నవంబరులో మార్టిన్ పండుగ రోజున ఉతికిన చొక్కా వేసుకుని, నోట్లో గడ్డిపోచ పెట్టుకుని, గేటు దగ్గర పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా నిలబడేవాడు. ఎందుకని అడిగితే "మా ఊళ్ళో అంతే" అనేవాడు. మన సంఘం చిహ్నంలో కూడా బంగారు రంగులో ఆ గడ్డిపోచే వేయించాను.

నీ తమ్ముడు,
ఎడ్గర్

---

థార్న్‌బెక్
1973 ఏప్రిల్ 2

తమ్ముడు ఎడ్గర్‌కి,

ఫొటో అందింది. దాన్ని చూసి నవ్వాను. తర్వాత నవ్వు ఆగిపోయింది. డోరీన్ వచ్చి, "ఏమైంది పెద్దమ్మా, ఎవరైనా పోయారా?" అంది. ఎవరూ పోలేదు, పనిచేసుకో అన్నాను. ఆ గడ్డిపోచ సంగతి నన్ను అడగకు. మా నాయనమ్మ ఆగ్నెస్ చనిపోయేముందు నా చేత ఒట్టు వేయించుకుంది. నా నోరు నొక్కిపట్టి ఉంచాను. దాన్ని తెరిచే పని పెట్టకు.

పేరు పేరు అని గుండెలు బాదుకుంటున్నావే, ఈ లోయలో ఆ పేరుతో ఎవరైనా ఎవర్నైనా పిలుస్తారా? వాగు పొడుగునా సగంమంది థార్న్‌బెక్‌లే. జాన్ థార్న్‌బెక్ అని కేకేస్తే ఆరు తలుపులు తెరుచుకుంటాయి. అందుకని తండ్రి పేరూ తాత పేరూ తగిలించి "కిట్ నెడ్ వాళ్ళ జాన్" అంటాం. పనికొచ్చినవాళ్ళకి తండ్రీ తాతా ఎవరో తెలియదు గనక వాళ్ళని పొలం పేరుతో పిలుస్తాం. డోరీన్ సంతకి పోతే వేలంపాటవాడు "థార్న్‌బెక్ డోరీన్ వచ్చింది, ఇక ధర తెగదు" అంటాడు. ఈ లోయలో ఇప్పుడు ఆ పేరుతో మనిషిని పిలుస్తున్నారంటే దాన్నొక్కదాన్నే.

ఫిబ్రవరి మంచుకి పైగోడ పక్కన మంద కూరుకుపోయింది. నేను మంచంలో ఉన్నాను. డోరీన్ కుక్కనీ పొడుగు కర్రనీ తీసుకుని పోయింది. మంచులో కర్ర గుచ్చి, మెత్తగా తగిలినచోట తవ్వింది. చీకటిపడ్డాక వచ్చింది, చేతివేళ్ళు ముడుచుకోవడం లేదు. చెంచాతో గంజి నేనే తాగించాను. "ఎన్ని పోయాయే?" అంటే, "పోయినవాటి సంగతి రేపు. ముందు ఆ రొట్టె ఇటు పెట్టు" అంది. దాన్ని కేర్‌టేకరుగా ఉంచుకుంటాడట. ఇంటిపేరు కస్తూరివారు, ఇల్లంతా గబ్బిలాల కంపు అని వెనకటికి ఊరికే అన్నారా?

జూలైలో మీరంతా వస్తే గేటు తీయను. చెబుతున్నాను.

విన్నిఫ్రెడ్

---

అడిలైడ్
1973 ఏప్రిల్ 21

అక్కయ్యకి,

ఇక మర్యాదలు అనవసరం. నీ బాధేమిటో అర్థమైంది. నీకు పిల్లలు లేరు, ఆ ఇంట్లో పేరు నీతో ఆగిపోతోంది. మా దగ్గర అది పెరుగుతోంది. అది నీ కంట్లో నలుసు. అందుకని ఉన్నదంతా తీసుకెళ్ళి అనాథాశ్రమం పిల్ల చేతిలో పెడతానంటున్నావు, తండ్రెవరో తల్లెవరో తెలియనిదాని చేతిలో. మంచులో తవ్వింది, సరే. తవ్వినందుకే గదా జీతం ఇచ్చావు?

రక్తం రక్తమే అక్కయ్యా. గొర్రెల్ని కొనేటప్పుడు తల్లి ఏది, పొట్టేలు ఏది అని అడుగుతావు గదా. మనుషుల దగ్గరికొచ్చేసరికి అడగకూడదా?

క్రాస్‌లీకి రాశాను. ఆగస్టులో సంతకాలు. సంఘంలో అందరూ తలా కొంత వేసుకుంటున్నారు, సింహభాగం నాది. నా ఇల్లు తాకట్టు పెట్టాను, నీ మరదలు నాతో మాట్లాడటం మానేసింది. ఇది నాకు ఆటకాదు.

ఒట్లూ గిట్లూ అంటూ బెదిరించకు. ఆ గడ్డిపోచ గురించి ఏదన్నా తెలిస్తే చెప్పు. లేకపోతే మా తాత ఆచారాన్ని చూసి నవ్వినందుకు క్షమాపణ రాయి.

ఎడ్గర్

---

థార్న్‌బెక్
1973 మే 6

ఎడ్గర్ గారికి,

అడిగావు గనక చెబుతున్నాను. నాయనమ్మ నన్ను క్షమించాలి. నిన్ను క్షమించే పని మాత్రం పెట్టుకోను.

నవంబరులో మార్టిన్ పండుగకి కిర్క్‌బ్రో ఊళ్ళో సంత జరిగేది. గొర్రెల సంత కాదు, మనుషుల సంత. పని కావాల్సినవాళ్ళు ఉతికిన చొక్కా వేసుకుని వీధిలో వరసగా నిలబడేవాళ్ళు. నన్ను ఎవరూ ఇంకా కుదుర్చుకోలేదు, అమ్మకానికున్నాను అని తెలియడానికి నోట్లో గడ్డిపోచ పెట్టుకునేవాళ్ళు. రైతులు వచ్చి భుజాలు నొక్కి చూసేవాళ్ళు. బేరం కుదిరితే చేతిలో ఒక నాణెం పడేది, పోచ ఉమ్మేసేవాడు. మీ వంశాచారం అది. మీ బంగారు చిహ్నం అది. చంటిపిల్లలతో సహా అందరూ నోట్లో కూలిపోచలు పెట్టుకుని పళ్ళికిలించి ఫొటో దిగారు.

మాథ్యూ మా తాతకి తమ్ముడు కాడు. అనాథల చేత పని చేయించుకుని కూడు పెట్టే ఆశ్రమం నుంచి పన్నెండేళ్ళప్పుడు ఆ సంతకొచ్చి నిలబడ్డాడు. మా ముత్తాత భుజాలు నొక్కి చూసి తెచ్చుకున్నాడు. ఆవుల కొట్టం పైన అటకమీద పడుకునేవాడు. అందరి భోజనాలూ అయ్యాక తలుపు పక్కన నిలబడి తినేవాడు. మంద అంటే వాడి తర్వాతే ఎవడైనా అని నాయనమ్మ అనేది. ఇంటిపేరు లేదు. ఊరు "థార్న్‌బెక్ మాథ్యూ" అంది, డోరీన్‌ని అన్నట్టే. గనులు మూతపడి కాలం చెడ్డప్పుడు మా ముత్తాత వాడి రెండేళ్ళ జీతం ఎగ్గొట్టి పొమ్మన్నాడు. ఓడ దగ్గర పేరడిగితే తనకున్న ఆ ఒక్క పిలుపే చెప్పాడట.

"వాడు మన పేరు పట్టుకుపోయాడని ఎవరితోనూ అనకు విన్నీ. మనింట్లో వాడికి ముట్టింది అదొక్కటే" అంది నాయనమ్మ. అందుకే పదేళ్ళ క్రితం నువ్వు "అక్కయ్యా" అని మొదటి ఉత్తరం రాసినప్పుడు తెలిసే "తమ్ముడూ" అని బదులు రాశాను. పేరే ఇచ్చాం, వరస ఇస్తే మన సొమ్మేం పోయింది అనుకున్నాను. నువ్వేమో దాన్ని పట్టుకుని ఇంకో అనాథపిల్లని తలుపు పక్కన నిలబెట్టడానికి వస్తున్నావు.

తల్లి ఏది, పొట్టేలు ఏది అని అడిగావు గదా. ఇప్పుడు చెప్పు.

విన్నిఫ్రెడ్ థార్న్‌బెక్

---

అడిలైడ్
1973 మే 19

మిస్ థార్న్‌బెక్ గారికి,

మీ ఉత్తరం చదివి చింపేశాను. మళ్ళీ ముక్కలు అతికించి చదివాను.

అబద్ధమని రాద్దామనుకున్నాను. కానీ మా తాత చచ్చేదాకా తలుపు పక్కన స్టూలు మీద కూర్చునే తిన్నాడు. సొంత ఇల్లు, సొంత బల్ల, తొమ్మిది మంది పిల్లలు. అయినా అందరూ తిన్నాకే. "ఏం జబ్బయ్యా నీకు, వచ్చి కూర్చో" అని మా నాయనమ్మ నెత్తి కొట్టుకునేది. అది మీరెలా ఊహించి రాస్తారు? కాబట్టి నిజమే. నిజమైనందుకు మీ మీద నాకు ఎంత అసహ్యంగా ఉందో చెప్పలేను.

పదేళ్ళు. పదేళ్ళు నా చెవిలో పువ్వు పెట్టారు. నేను వంశవృక్షం గీసి పంపితే "బాగుంది తమ్ముడూ" అని రాశారు. వెనక డోరీన్‌తో కలిసి ఎంత నవ్వుకున్నారో. మీ ముత్తాత ఒక పసివాడి కూడు తిన్నాడు, మీరు వాడి మనవణ్ణి పట్టుకుని ఆడుకున్నారు. మంచి వంశమే, ఒప్పుకుంటున్నాను.

అయితే ఒకటి వినండి. మొట్టమొదటి థార్న్‌బెక్ ఎవడు? ముళ్ళ పక్కన వాగొడ్డున గుడిసె వేసుకున్నాడు ఎవడో. పక్కవాళ్ళు ముళ్ళవాగువాడు అన్నారు. వాడి రక్తం ఏమిటని ఎవడైనా అడిగాడా? అక్కడ ఉన్నాడు, అక్కడ గొర్రెలు కాశాడు, పేరు వాడిదైంది. మా తాతా అక్కడ ఉన్నాడు. మా తాతా అక్కడ గొర్రెలు కాశాడు, మీ వాళ్ళందరికంటే బాగా కాశాడని మీరే రాశారు. ఆ పొలం మీద మీకెంత హక్కుందో మా తాతకీ అంతే ఉంది. కొంటాను. ఏం చేస్తారో చేసుకోండి.

ఇ. థార్న్‌బెక్

---

థార్న్‌బెక్
1973 జూన్ 1

ఎడ్గర్,

నీ ఆఖరి పేరా నకలు రాసి దీంతో పెడుతున్నాను. "మా తాత" అన్నచోటల్లా కొట్టేసి "డోరీన్" అని రాసుకుని మళ్ళీ చదువు.

మార్చి నుంచి నేను మొత్తుకుంటున్నది అదే. నాకంటే నువ్వే బాగా రాశావు, హెడ్మాస్టరువి గదా.

నవ్వుకోలేదు. డోరీన్‌కి ఈ సంగతేదీ ఇంతవరకూ తెలియదు.

విన్నీ

---

అడిలైడ్
1973 జూలై 10

విన్నీకి,

ఏమని పిలవాలో తెలియక ఊరికే పేరు రాశాను.

జూలై ప్రయాణం మానుకుని, ఇక్కడే సంఘాన్ని పిలిపించి, ఆ సమావేశంలో చెప్పేశాను. నోట్లో పోచలు పెట్టుకుని కూర్చున్నవాళ్ళ ముందు నిలబడి, సంత సంగతీ అటక సంగతీ మొత్తం చెప్పాను. బ్రిస్బేన్ నుంచి వచ్చిన ఒకావిడ పోచ తీసి చేతిసంచీలో దాచుకుంది, పారేస్తే ఎవరన్నా చూస్తారన్నట్టు. కోశాధికారి డగ్లస్ లేచాడు. "ఇంతదూరం టిక్కెట్లు కొనుక్కుని వచ్చింది మేం పాలేరు సంతానమని వినడానికా?" అన్నాడు. "పాలేరు సంతానమే. ఆ పాలేరు కాళ్ళమీదే నిలబడి అరుస్తున్నావు" అన్నాను. నా జన్మలో అంత గట్టిగా ఎవర్నీ కసరలేదు, బడిలో కూడా. సంఘంలో ఉన్న కెనడా వాళ్ళు తమది అసలు రక్తమని వేరే సంఘం పెట్టుకున్నారు. మావాళ్ళలో సగం మంది వేసిన చందా వెనక్కిమ్మన్నారు. నన్ను అధ్యక్షుడిగా తీసేశారు, డగ్లసే కూర్చున్నాడు.

క్రాస్‌లీకి టెలిగ్రాం ఇచ్చాను, మేం కొనడం లేదని. పొలం డోరీన్ తీసుకోవచ్చు. నా ఇంటి కాగితాలు బ్యాంకు నుంచి విడిపించుకున్నాను. నా భార్య మళ్ళీ మాట్లాడుతోంది, మాట్లాడకపోతేనే నయంగా ఉండేది.

నీ మీద కోపం పోలేదు. మీ ముత్తాత మీద ఇంకా పోలేదు. రాత్రిపూట మెలకువొస్తే పన్నెండేళ్ళ పిల్లాడి భుజాలు ఎవరో నొక్కుతున్నట్టుంటుంది. ఒక్కటి అడుగుతాను, దాచకుండా చెప్పు. మా తాతకి తనదంటూ వేరే ఇంటిపేరు ఉండేదా? మీ నాయనమ్మకి తెలుసా?

ఎడ్గర్

---

థార్న్‌బెక్
1973 ఆగస్టు 12

తమ్ముడు ఎడ్గర్‌కి,

నీకు ఇష్టమున్నా లేకున్నా అలాగే రాస్తాను. అలవాటైపోయింది.

నాయనమ్మకి తెలియదు. నేనూ ఈ మాటే అడిగాను. "వాణ్ణి ఎవరూ అడగలేదు" అంది. అంతకుమించి నా దగ్గర ఏమీ లేదు. నీ ఉత్తరం వచ్చాక డోరీన్‌కి కూడా మీ తాత సంగతంతా చెప్పాను.

సంతకాలు మంగళవారం అయ్యాయి. క్రాస్‌లీ మొహం మాడ్చుకుని వచ్చాడు, ఈసారి టీ పొయ్యలేదు. డోరీన్ చేతులు కడుక్కుని, కొత్త కోటు వేసుకుని కూర్చుంది. అప్పుడు నేను ముందునుంచీ మనసులో పెట్టుకున్న మాట అన్నాను.

"ఏమే, ఇరవై రెండేళ్ళుగా ఊరంతా నిన్ను థార్న్‌బెక్ డోరీన్ అంటోంది. కాగితం మీద కూడా అలాగే రాసెయ్యి. వకీలు చూసుకుంటాడు. నా తర్వాత ఇంట్లో పేరు నిలుస్తుంది."

దానికి నేను ఇవ్వగలిగిందంతా ఇస్తున్నాననుకున్నాను. కళ్ళనీళ్ళు పెట్టుకుంటుందనుకున్నాను.

"వద్దు పెద్దమ్మా. నాకో పేరుంది" అంది.

"పెల్ అనేగా. ఆశ్రమం వాళ్ళు తగిలించిన పేరు."

"ఆశ్రమం వాళ్ళు కాదు. నన్ను ప్రెస్టన్ స్టేషన్‌లో బెంచీ మీద వదిలేశారు. అందరూ చూస్తూ రైలెక్కి పోయారు. పోర్టరొకాయన పెట్టెలు దించి నన్నెత్తుకున్నాడు. ఆయన పేరు పెల్. వాడుకోమన్నాడట."

"ఇన్నేళ్ళలో ఒక్కసారీ చెప్పలేదేమే?"

"నువ్వు అడిగితేగా" అంది. డోరీన్ పెల్ అని రాసి, సిరా ఆరేదాకా ఊదింది.

నాకు ఎంత కోపమొచ్చిందో నీకు తప్ప ఎవరికీ చెప్పుకోలేను. దానికోసమే గదా మార్చి నుంచి నీతో కొట్టుకున్నాను, ఒట్టు తప్పాను, నీ గుండె బద్దలు చేశాను. అది మా పేరు వద్దంది. వారం నుంచి దానితో మాట్లాడటం లేదు. అది మాత్రం రోజూ గంజి తెచ్చి ముందు పెట్టి, "కోపం ఎప్పుడు తగ్గుతుందో చెప్పు పెద్దమ్మా, ఎండ ఉండగానే గడ్డి కోయాలి" అంటోంది. నిన్న సాయంత్రం కొండ మీంచి మందని దించుతుంటే కిటికీలోంచి చూశాను. కుక్కకి ఈల వేస్తూ వస్తోంది, వెనక్కి తిరిగి చూడాల్సిన పని కూడా లేదు దానికి. ఈ పొలం మీద మా ముత్తాతకీ తాతకీ నాకూ లేనిది దానికుంది. ఇది దాని సొంతం.

ఓడకో విమానానికో డబ్బుంటే రా. మ్యూజియం ఉండదు, మీ వాళ్ళు ఎవరూ వద్దు, నువ్వొక్కడివే. నీకు గది ఇవ్వాలంటే నేను చెప్పడానికి లేదు, ఇంటావిణ్ణి అడగాలి. అడిగాను. వారంలో దానితో మాట్లాడిన మాట ఇదొక్కటే.

"రమ్మను" అంది. "వచ్చాక వాళ్ళ తాత గురించి నేనే అడుగుతాను."

విన్నీ